బావిలో పెట్టిన కాలు

చావడి అరుగు మీద నిలబడి ఏసమ్మ ఆ ఒక్క మాటా అనకుండా ఉంటే పోయేది. అన్నది.

"నారికురుపు లేచినోళ్లు బాయిల కాలు పెట్టొద్దు. పుండుకెల్లి నారి పురుగు పిల్ల నీళ్లల్లకు దిగుతది. ఆ నీళ్లు తాగినోళ్ల కడుపులకు పోయి, మల్లొచ్చే ఎండాకాలం కాలుకు తేల్తది. మీ ఊర్ల గిదే జరుగుతున్నది."

నాగర్‌కర్నూలు దవాఖాన డాక్టరు ఆమెను తుమ్మలకుంటకు పంపింది ఉపన్యాసాలివ్వడానికి కాదు. ఇల్లిల్లూ తిరగాలి. ఏ ఇంట్లో ఏ నీళ్లు తాగుతున్నారు, ఆ నీళ్లు ఎట్లా ముంచుతున్నారు, ఎవరి కాళ్లకు పుండ్లున్నాయి, ఎవరికి లేవు, ఇవన్నీ అడిగి, కళ్లారా చూసి రావాలి. ఈ పల్లెల్లో నారికురుపు ఎందుకు పోవడం లేదో దవాఖానలో కూర్చుని ఊహిస్తే లాభం లేదని, పోయి తేల్చుకోవాలని ఆయన పట్టుదల. మందు సీసాలు మోసే నర్సుకు ఇది కొత్త పని. ఏసమ్మకు నచ్చిన పని కూడా. కానీ పుండ్ల కాళ్లతో దుక్కి మానుకుని పడి ఉన్న మగవాళ్లను, పాకుతూ పొయ్యి ముట్టించుకుంటున్న ఆడవాళ్లను చూశాక ఆమెకు నోరాగలేదు.

పటేల్ నాగన్న నోట్లోని చుట్ట తీసి తలాడించాడు.

"మంచి మాట చెప్పినవు నర్సమ్మా."

ఆ మంచి మాట తెల్లారేసరికి మాదిగవాడ మీద పడింది.

పొద్దున్నే ఆమె దిగుడు బావి దగ్గరికి పోతే వాడ ఆడవాళ్లు ఖాళీ కడవలతో నిలబడి ఉన్నారు. వాళ్లు మెట్లు దిగకూడదు. ఎన్నడూ దిగలేదు. గట్టు కింద కడవ పెట్టుకుని నిలబడితే, నీళ్లు ముంచుకుని పైకొచ్చేవాళ్లలో దయ పుట్టినవాళ్లు ఎత్తు నుంచి పోస్తారు. పుట్టకపోతే నిలబడి ఉండాలి. అదీ ఆ ఊరి పద్ధతి, దాన్ని పద్ధతి అనడానికి మనకు నోరొస్తే.

ఆ రోజు ఎవరికీ దయ పుట్టలేదు. ఒకరి తర్వాత ఒకరు తడి పాదాలతో పైకొచ్చి, మొహాలు తిప్పుకుని పోతున్నారు. పటేల్ భార్య సత్యమ్మ చంకలో కడవతో వస్తుంటే ఏసమ్మ అడ్డం పోయింది.

"ఏమైందమ్మా? వీళ్లకు పోస్తలేరేంది?"

"పటేల్ వద్దన్నడు. పంచాయితి అయ్యేదాక పొయ్యొద్దన్నడు."

"ఏం పంచాయితి?"

సత్యమ్మ ఆశ్చర్యంగా చూసింది. "నువ్వే చెప్పినవు గద నర్సమ్మా! నారి ఉన్నోళ్లతోటే ఊరికంత నారి అంటుతున్నదని. ఆ పెంటయ్య కోడలు భీమమ్మకు కాలు వాసింది. మొన్న పొద్దుగూకంగ బాయి గట్టు మీద కూసుంటే సూసినోళ్లున్నరు. ఇగ వేరే ఏం గావాలె?"

"నేను బాయిల కాలు పెట్టొద్దన్న. వీళ్లు మెట్టే దిగకపాయె, కాలెట్ల పెడ్తరు?"

"అది నన్నడుగుతే ఎట్ల? పటేల్‌నడుగు" అని సత్యమ్మ వెళ్లిపోయింది. కడవ తొణికి ఆమె వెనకాలే దుమ్ములో తడి చుక్కలు పడ్డాయి. కడవలు పట్టుకున్నవాళ్లు ఆ చుక్కల్ని చూస్తూ నిలబడ్డారు.

వనపర్తి పక్క ఇట్లాంటి వాడలోనే, ఇట్లాంటి గట్టు కిందనే చిన్నప్పుడు ఏసమ్మ కూడా కడవతో నిలబడింది. నోటి మాట నోట్లో ఉంచుకోవడం ఆ నిలబడ్డ రోజుల్లోనే నేర్చుకోవాల్సింది, నేర్చుకోలేదు.

వాడ చివర పెంటయ్య గుడిసె. ముసలాయన వాకిట్లో కూర్చుని మోట బొక్కెన కుడుతున్నాడు. ఎడ్లు లాగితే బావిలోంచి నీళ్లు తోడి పొలానికి పోసే తోలు బొక్కెన అది, పటేల్ పొలానిదే. ఆరెతో తోలు పొడిచి, తోలు దారం దూర్చి, పంటితో బిగించి లాగుతున్నాడు. ఏసమ్మను చూసి లేచి నిలబడ్డాడు.

భీమమ్మ లోపల చాప మీద కూర్చుని ఉంది. పట్టుమని ఇరవై ఏళ్లుండవు. చీలమండ వాచి ఎర్రగా మెరుస్తోంది. ఏసమ్మ మందు నీళ్లతో చేతులు కడుక్కుని, ఆ కాలును ఒళ్లో పెట్టుకుని, వేలి కొసతో వాపు చుట్టూ తడిమింది. చర్మం కింద పురుగు మెలిక తిరిగి ఉండడం వేలికి తగులుతోంది. దాని మీద రేగుపండంత పొక్కు. పొక్కు నిండుగా, బిగుతుగా ఉంది. ఎక్కడా చిట్లలేదు.

"ఇదింక పగల్లేదు" అన్నది ఏసమ్మ, తనలో తాను అనుకుంటున్నట్టు.

"పగల్తే సల్లగైతదంట గదమ్మా. మంటకు నిద్ర వడ్తలేదు."

"బాయికాడ ఎందుకు కూసున్నవు?"

"నీళ్లకే పోయిన. నిలవడ్డ, నిలవడ్డ, అందరు పోయిన్రు, ఒక్కరు పొయ్యలే. కాలు గుంజుతుంటె కూసున్న. పై గట్టు మీదనే అమ్మా. నా మొగని మీద ఒట్టు, మెట్టు దిగలే."

ఒట్టు అవసరం లేదు. పొక్కే చెబుతోంది. పొక్కు పగిలి పురుగు బయటికి తొంగి చూస్తే గదా నీళ్లల్లోకి ఏమన్నా దిగేది! ఈ పిల్ల మొన్న బావిలో కాలు పెట్టి ఉంటే ఈ పొక్కు ఇట్లా నిండుగా ఉండేదే కాదు.

గుమ్మంలో నలుగురు ఆడవాళ్లు చేరారు. వాళ్లలో ఒకామె గట్టిగానే అన్నది: "నువ్వొచ్చేదాక మంచిగనే ఉంటిమి నర్సమ్మా. పోసినన్ని పోస్తుండిరి. ఇప్పుడు వాగుల చెలిమె తీస్తె బురద ఊరుతున్నది."

పెంటయ్య బయటి నుంచే మాట్లాడాడు. "కోడల్ని అయిజకు, తల్లిగారింటికి తోలెయ్యమంటున్రు. ఊరోళ్లే గాదు, మా వాడోళ్లు గూడ. ఆమె పోతెనన్న నీళ్లు పోస్తరేమోనని. ఆ కాలుతోని అయిజకు ఎట్ల నడుస్తది? పోయినంక మల్ల రానిస్తరా?"

భీమమ్మ మొగుడు మూలన కూర్చుని నేల గీస్తున్నాడు. తల ఎత్తలేదు. ఏసమ్మ పొక్కు మీద తడి గుడ్డ వేసి, వదులుగా కట్టు కట్టింది. "ఎక్కడికీ పోవద్దు. పంచాయితిల నేను చెప్త" అన్నది. అన్నాక తనకే భయం వేసింది. ఆమె చెప్పినందుకే గదా ఇదంతా!

ఆ రోజూ మర్నాడూ ఆమె ఊరంతా మళ్లీ తిరిగింది. ఊరి బయట మోట బావి దగ్గర గొల్లల ఇండ్లున్నాయి. వాళ్లు తాగేది మోటతో తోడిన నీళ్లు. ఆ బావికి మెట్లే లేవు. గోచీలు కట్టిన మగవాళ్లను ఎండలో నిలబెట్టి మోకాళ్ల నుంచి మడమల దాకా చూసింది. ఆడవాళ్లను లోపలికి పిలిచి చూసింది. ఒక్క పుండు లేదు, ఒక్క మచ్చ లేదు. దిగుడు బావి నీళ్లు తాగే ఊళ్లో ఇంటింటా పుండ్లే. మెట్టు తొక్కని వాడలోనూ పుండ్లే, ఎందుకంటే తాగేది అవే నీళ్లు. నీళ్లు పాడుచేసేది మెట్లు దిగేవాళ్లు, బాధపడేది తాగేవాళ్లందరూ. ఇంత తేటగా ఉంది సంగతి. డాక్టరు వింటే ఎగిరి గంతేస్తాడు.

కానీ ఊరు తెలివి మీరింది. మొన్న పుండు చూపించి ఏడ్చినామె, నేడు చీర కుచ్చెళ్లు నేల జీరాడేలా కట్టుకుని "నాకేం నారి? ముల్లు ఇరిగింది" అంటోంది. నారి లేచినప్పుడు తెల్లారక ముందే పోయి కడపటి మెట్టు మీద కూర్చుని, కాలు నీళ్లల్లో వదిలితే, చల్లదనానికి పురుగు దానంతటదే బయటికి వస్తుంది. అది ఆ ఊళ్లో తాతలనాటి వైద్యం. మొదటి రోజు అందరూ నవ్వుతూ చెప్పిన సంగతి ఇప్పుడు అడిగితే, అట్లాంటిది తమ ఊళ్లో ఎన్నడూ లేదన్నారు. ఏసమ్మకు దాహమై ఒక వాకిట్లో నీళ్లడిగితే దోసిట్లో ఎత్తి పోశారు. ఆమె తాగలేదు. మొహం కడుక్కుని లేచింది.

పంచాయితీ రోజు మధ్యాహ్నం సత్యమ్మ పెరటి గోడ దగ్గర నిలబడి సైగ చేసింది.

"జర రా నర్సమ్మా. మా అత్తకు మోకాలు నొస్తున్నది."

నొస్తున్నది మోకాలు కాదు. పెరట్లో పందిరి కింద మంచం మీద నాగన్న తల్లి తిమ్మమ్మ కాళ్లు చాపుకుని కూర్చుంది. పిక్క కింద పుండు నీళ్లల్లో నాని తెల్లబారి ఉంది. అందులోంచి సేమ్యాలాంటి తెల్లటి పురుగు వేలెడంత బయటికి వేలాడుతోంది.

"సూస్త నిలవడ్డవేంది? పుల్లకు చుట్టు. మెల్లగ చుట్టు, తెగిందంటె నీ తోలు తీస్త" అన్నది తిమ్మమ్మ. "మా కోడలు ముట్టంగనే వణుకుతది. దీని చేతికిస్తె కాలే పోతది."

ఏసమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుంది. చీపురుపుల్ల ముక్క తీసి, మందు నీళ్లల్లో కడిగి, పురుగు కొసను దానికి ఆనించి, అర చుట్టు తిప్పింది. ఆగింది. పుండు చుట్టూ బొటనవేళ్లతో మెత్తగా వత్తి ఇంకో పావు చుట్టు తిప్పింది. పురుగు దారంలా బిగిసింది. ఇక లాగితే తెగుతుంది. తెగి లోపల చస్తే కాలంతా చీము పడుతుంది. అక్కడికే ఆపి పుల్లను కాలికి ఆనించి గుడ్డతో కట్టింది. ముసలామె పళ్లు బిగబట్టి ఆమె భుజం గట్టిగా పట్టుకుంది.

"నీ చెయ్యి మంచిది పిల్లా. మల్ల తానం చెయ్యాల్నేమో గాని, చేస్త తియ్."

"పొద్దున బాయిల పెట్టినవా అవ్వా, ఈ కాలు?"

"పెట్టక? దినాం పెడ్త. ఊరు లేవకముందే పోయి కడపటి మెట్టు మీద కూసుంట. పానం సల్లబడ్తది. ఏం, పెట్టొద్దా?"

ఏసమ్మ చేతులు కట్టు మీదనే ఆగిపోయాయి. సత్యమ్మ ఆమె రెక్క పట్టుకుని పక్కకు లాక్కుపోయింది. మొహం పాలిపోయి ఉంది.

"నీకు పుణ్యముంటది. ఈ మాట బయటికి పోవద్దు. మా ఆయన గిప్పుడు పంచాయితిల కూసుంటడు. ఆ పెంటయ్య కోడల్ని ఊరు దాటిచ్చుడు అయితదని చెప్పుకుంట పోయిండు. ఇది తెలిస్తె మా ఇజ్జతేముంటది?"

"పటేల్‌కు తెల్వదా?"

సత్యమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మందుకొచ్చినోళ్ల సంగతి నేను బయట చెప్ప" అన్నది ఏసమ్మ. దవాఖానలో మొదటి రోజు నేర్పిన పాఠం అది. దాన్ని తిట్టుకుంటూనే అన్నది.

చావడి పటేల్ ఇంటి గోడకు ఆనుకునే ఉంటుంది. ఎండ వాలాక నాగన్న, ఊరి లెక్కలు రాసే పట్వారి దశరథం, ఇంకొందరు పెద్దలు అరుగు మీద కూర్చున్నారు. వాడవాళ్లు కింద దుమ్ములో దూరంగా నిలబడ్డారు. భీమమ్మ నిలబడలేక కూలబడింది. నాగన్న దీర్ఘంగా మాట్లాడాడు. ఊరి బాగు అన్నాడు, పిల్లల బాగు అన్నాడు, దవాఖాన మాట అన్నాడు. ఎవరి మీదా తనకు పగ లేదన్నాడు. పెంటయ్య కోడలు ఊరు విడిచిపోతే వాడకు నీళ్లు పోస్తారు, లేకుంటే లేదు. అంతే.

ఏసమ్మ ముందుకొచ్చింది. "ఆమె పొక్కు ఇంక పగల్లేదు పటేలా. పురుగు బయటికే రాలేదు. ఎవరన్న వచ్చి సూడున్రి. బాయిల నారి ఆమెది గాదు."

"మరెవరిది?" అన్నాడు పట్వారి.

ఏసమ్మ దుమ్ములో కూర్చున్న భీమమ్మను చూసింది.

"ఆమెది గాదంటె ఇంకోళ్లదన్న గావాలె గదా? ఎవరు కాలు పెట్టిన్రో పేరు చెప్పు."

పేరు నాలుక చివరి దాకా వచ్చింది. గోడ అవతల మంచం కిర్రుమనడం కూడా వినిపిస్తోంది. ఏసమ్మ నాగన్న వైపు చూసింది. అతను చుట్ట నుసి రాలుస్తూ తన కాలి చెప్పును చూసుకుంటున్నాడు. తెలుసు, ఈ మనిషికి తెలుసు! తెలిసే ఆ పిల్లను దుమ్ములో కూర్చోబెట్టాడు.

"చెప్పవా? అయితె ఉత్త మాటలు చెప్పి ఊర్ల కొట్లాట పెడ్తున్నదని తాలూకాకు రాయిస్త. నీ నౌకరీ సంగతి వాళ్లే సూస్తరు" అన్నాడు పట్వారి. "ఏం పెంటయ్యా, కోడల్ని ఎప్పుడు పంపుతవు?"

భీమమ్మ వెక్కిళ్లు పెట్టి ఏడ్చింది. పెంటయ్య తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. ఏదో చెప్పబోయాడు.

"ఏందిరా మీ లొల్లి!"

తిమ్మమ్మ. ఒక చేత్తో గోడ, ఒక చేత్తో కోడలి భుజం పట్టుకుని కుంటుతూ వచ్చి అరుగు ముందు నిలబడింది. చీర పిక్క దాకా ఎత్తింది. చీపురుపుల్ల, దానికి చుట్టిన పురుగు, అందరికీ కనిపించాయి.

"కాలు పెట్టిన్రు, కాలు పెట్టిన్రు అని అప్పటిసంది ఒకటే మొత్తుకోలు. పండుకోనిస్తలేరు. నేను పెట్టిన. ఏం జేస్తరు? మా మామ తవ్విచ్చిన బాయి. మా అత్త పెట్టింది, నేను పెట్టిన, దినాం పెడ్త. దానికి ఆ పొల్లనెందుకు ఏడిపిస్తున్రు?"

ఇప్పుడు తేలిపోతుంది, ఇక బావి మెట్లు మూయిస్తారు, గిలక కట్టిస్తారు అనుకుంది ఏసమ్మ, పిచ్చిది!

ముందుగా పట్వారి నవ్వాడు. "పెద్దమ్మ పెడితె ఏముంటది? ఇంటి బాయి లెక్క."

"అంతే గద మరి" అన్నాడు ఇంకొకాయన. "నారి ఒంటి వేడికి వస్తది. మా తాతలు గూడ గదే చెప్పిన్రు. నీళ్లకు, దానికి ఏం సంబంధం?"

"దవాఖానోళ్లు ఏదో ఒకటి చెప్తనే ఉంటరు."

నాగన్న చుట్ట మళ్లీ ముట్టించాడు. "అమ్మా, నువ్వు లోపలికి పో, కాలు నొస్తది. అరే పెంటయ్యా, ఇగ పొండ్రి. పొద్దున కడవలు తెచ్చుకోండ్రి, పోస్తరు."

అయిపోయింది. భీమమ్మ చేసిందన్నప్పుడు ఊరు దాటించాల్సిన నేరం, తిమ్మమ్మ చేసిందని తెలిసేసరికి నేరమే కాకుండా పోయింది. దాంతో పాటు ఆమె వీధి వీధి తిరిగి తేల్చిన నిజమూ పోయింది.

"ఆగున్రి!" ఏసమ్మ కేకేసింది. "సంబంధం ఉన్నది. నేను సూసిన. మోట బాయికాడ ఒక్కరికి గూడ లేదు..."

"అమ్మా."

పెంటయ్య ఆమె ముందుకొచ్చి చేతులు జోడించి నిలబడ్డాడు. లోగొంతుతో, అరుగు మీద వాళ్లకు వినపడకుండా అన్నాడు: "నీ కాల్మొక్త. ఇగ ఏం చెప్పకు. నువ్వు చెప్పినప్పుడల్ల మా నీళ్లు పోతున్నయి."

ఆమె అతన్ని చూసింది. వెనకాల నిలబడ్డవాళ్లందరూ అదే చూపుతో చూస్తున్నారు. ఏసమ్మ నోరు మూసుకుంది. ఇంత కష్టమైన పని ఆమె దవాఖానలో కూడా ఎన్నడూ చేయలేదు.

పొద్దుగూకక ముందే ఆమె భీమమ్మ గుడిసెకు పోయింది. పొక్కు పగిలితే ఏం చేయాలో చెప్పింది: ఇంట్లోనే తొట్టిలో నీళ్లు పోసుకుని కాలు పెట్టుకోవాలి, ఆ నీళ్లు దూరంగా మట్టిలో పారబోయాలి, పుల్లకు దినాం ఒక చుట్టే తిప్పాలి. అన్నీ విన్నాక భీమమ్మ అడిగింది.

"నా కాలు సరే. పోసే నీళ్లల్ల ఉన్నయి గద అమ్మా? పిల్లగాండ్లు తాగుతున్రు."

ప్రపంచ లడాయి రోజులు. బట్ట కంట్రోలు, చీటీ మీద తప్ప దొరకదు. ఆ వాడలో చిరుగు లేని గుడ్డ వెతికినా దొరకదు. ఏసమ్మ తన తెల్ల చీర కొంగు పంటితో కొరికి బారెడు చింపింది. ఆ చప్పుడుకు పెంటయ్య తొంగి చూశాడు.

"నారి పిల్లను మింగిన పురుగులుంటయి నీళ్లల్ల, నలకంత. ఈ బట్ట రెండు మడతలు వేసి కడవ మూతికి కట్టు. పైనే నిలుస్తయి. మడత తిరగెయ్యొద్దు. నింపుకున్నంక ఇంటికాడ మట్టిల దులిపి, ఎండల ఆరబెట్టు."

"ఎవరన్న అడిగితె?"

"ఎవరు అడిగినా నారి పేరెత్తకు. నలకలు పడకుండ అను."

భీమమ్మ బట్టను వేళ్లతో తడిమి చూసింది. "నువ్వు గూడ ఎవరికీ చెప్పవా?"

"డాక్టరుకు చెప్త. ఈ ఊర్ల చెప్ప."

మర్నాడు పొద్దున బావి దగ్గర వాడ కడవలన్నీ వరసగా ఉన్నాయి. ఏసమ్మ పెట్టె పట్టుకుని బండి కోసం దారి మీద నిలబడింది. భీమమ్మ కుంటుతూనే వచ్చి తన కడవ మూతికి తెల్ల బట్ట కట్టింది. పక్కవాళ్లు వింతగా చూశారు. సత్యమ్మ మెట్లెక్కి వచ్చి, కడవ ఎత్తి ధారగా పోయడం మొదలుపెట్టి, మధ్యలో ఆపింది.

"ఈ బట్టేంది?"

"నలకలు పడకుండ దొరసానీ."

సత్యమ్మ వంగింది. తడిసిన తెల్ల బట్ట మీద ఇంతింత చుక్కలు. ఊరికే పడి ఉన్నవి కావు, చిటుకు చిటుకున ఎగురుతున్నాయి. ఆమె మొహం మారిపోయింది. తన చేతిలోని కడవలోకి తొంగి చూసింది. ఇత్తడి కడవలో నీళ్లు తేటగా, అమాయకంగా ఉన్నాయి. ఆ నీళ్లే ఇంట్లో తన పిల్లలు ముంచుకుని తాగేది.

"ఇవేందే? మా నీళ్లల్ల గూడ గిట్లనే ఉంటయా?"

భీమమ్మ దారి వైపు చూసింది. ఏసమ్మ పెట్టె కింద పెట్టి ఒక అడుగు ముందుకు వేయబోయింది. వరసలో కడవలు పట్టుకున్న ఆడవాళ్లంతా ఒక్కసారే, నిన్న చావడి దగ్గరి చూపుతోనే ఆమె వైపు తిరిగారు. ఆ అడుగు అక్కడే ఆగిపోయింది.

"ఏమో దొరసానీ" అన్నది భీమమ్మ, తల వంచుకుని. "మాకేం తెల్వదు."

సత్యమ్మ మిగిలిన నీళ్లు పోయలేదు, పారబోయలేదు, ఇంటికీ కదల్లేదు. కడవ చంకలో పెట్టుకుని ఆ బట్టనే చూస్తూ నిలబడింది.